ఎం-లాక్ హ్యాండ్‌గార్డ్‌కి స్లింగ్ పాయింట్ ఎక్కడ పెట్టాలి, ఎలా బిగించాలి?

కృష్ణాతీరం | డాలస్

అందరికీ నమస్కారం. కొత్తగా కొన్న ఏఆర్-15 రైఫిల్‌కి స్లింగ్ (భుజానికి తగిలించుకునే పట్టీ) పెట్టడం గురించి ఒక సలహా కావాలి. 16 అంగుళాల బారెల్, దాని మీద 13 అంగుళాల అల్యూమినియం ఫ్రీ ఫ్లోట్ హ్యాండ్‌గార్డ్ (చేత్తో పట్టుకునే తొడుగు, బారెల్‌కి ఆనని రకం). కుడి, ఎడమ, కింద మూడు వైపులా ఎం-లాక్ స్లాట్లు, అంటే సామాను బిగించుకునే కోల రంధ్రాలు, ఉన్నాయి. వెనక స్టాక్‌కి (భుజానికి ఆనే భాగం) రెండు పక్కలా క్యూడీ సాకెట్లు (బటన్ నొక్కి స్లింగ్ తగిలించే రంధ్రాలు) ఇచ్చారు గానీ, ముందు స్లింగ్ తగిలించడానికి నాకేమీ కనబడలేదు.

స్లింగ్‌తో నాకు రెండు పనులు. ఒకటి, స్నేహితుడి రాంచ్‌లో అడవి పందుల వేట. గంటల తరబడి నడక, మధ్యలో కంచెలు దాటాలి, రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. రెండోది, రైఫిల్ కాల్చడం నేర్పే ప్రాజెక్ట్ ఆపిల్‌సీడ్ వాళ్ల క్లాసులో పేరు నమోదు చేసుకున్నాను. అక్కడ స్లింగ్‌ని జబ్బకి బిగించుకుని, బోర్లా పడుకుని కాల్చడం నేర్పుతారు.

ముందు పాయింట్ ఎక్కడ పెట్టాలో తేలడం లేదు. కొందరు మజిల్ (బారెల్ ముందు కొస) దాకా ముందుకు జరపమంటున్నారు, కొందరు రిసీవర్ (బారెల్ వెనకుండే ప్రధాన భాగం) పక్కనే పెట్టమంటున్నారు. క్యూడీ మంచిదా, కొక్కెం మంచిదా? స్క్రూలు ఎంత బిగించాలి? అనుభవం ఉన్నవాళ్లు కొంచెం వివరంగా చెప్పండి.

ఒహాయో_వాసి | కొలంబస్

కృష్ణాతీరం గారూ, ఏదైనా కొనే ముందు హ్యాండ్‌గార్డ్‌ని వెలుతురులో ఓసారి తిప్పి చూడండి. చాలా హ్యాండ్‌గార్డ్‌లకి రిసీవర్ వైపు చివర, రెండు పక్కలా గుండ్రటి రంధ్రం ఉంటుంది. ఎం-లాక్ స్లాట్ కోలగా ఉంటుంది. ఇది గుండ్రంగా, 3/8 అంగుళం, అంటే దాదాపు 9.5 మిల్లీమీటర్ల వ్యాసంతో ఉంటుంది. అదే క్యూడీ సాకెట్. అది ఉంటే రిసీవర్ దగ్గరి పాయింట్ మీకు ఇప్పటికే ఉన్నట్టు.

క్యూడీ పని చేసే పద్ధతి తేలిక. స్వివెల్ (స్లింగ్ చివరుండే లోహపు ముక్క) మీద బటన్ నొక్కితే చుట్టూ ఉన్న చిన్న ఉక్కు బంతులు లోపలికి పోతాయి. బటన్ వదిలితే అవి బయటికి వచ్చి సాకెట్ లోపలి గాడిలో పట్టుకుంటాయి. అందుకే అల్యూమినియంలో నేరుగా తొలిచిన సాకెట్ కన్నా ఉక్కు ఇన్సర్ట్ ఉన్నది ఎక్కువ కాలం మన్నుతుంది. ఉక్కు బంతి రోజూ అల్యూమినియం మీద తిరుగుతుంటే అంచు అరిగిపోయి వదులవుతుంది.

ఇక అసలు సంగతి. నేను సర్వీస్ రైఫిల్ (సైనిక తరహా రైఫిల్) పోటీల్లో కాలుస్తాను. స్లింగ్ గురించి ఎవరడిగినా నేను మొదట చెప్పేది ఒక్కటే: స్లింగ్ లాగుడు బారెల్ మీద పడకూడదు. పాత ఎం16 తరహా రైఫిల్ చూడండి. ముందు సైట్ ఉండే ఎత్తైన దిమ్మెని బారెల్‌కే పిన్నులతో బిగిస్తారు, స్లింగ్ స్వివెల్ దాని కిందే ఉంటుంది. హ్యాండ్‌గార్డ్ రెండు ముక్కలు కూడా బారెల్ మీదే ఆనుకుంటాయి. పడుకుని స్లింగ్ గట్టిగా లాగితే ఆ బలమంతా బారెల్‌ని పక్కకో కిందకో వంచుతుంది. కంటికి కనబడదు, టార్గెట్ మీద మాత్రం కనబడుతుంది.

లెక్క చెబుతాను. 1 ఎంఓఏ (కోణం కొలత, డిగ్రీలో అరవయ్యో వంతు) అంటే 100 గజాల దగ్గర 1.047 అంగుళాలు, 600 గజాల దగ్గర దాదాపు 6.3 అంగుళాలు. మా 600 గజాల టార్గెట్‌లో పది పాయింట్ల వలయం 12 అంగుళాల వ్యాసం, అంటే నడిమి నుంచి అంచుకి 6 అంగుళాలే. స్లింగ్ లాగుడు వల్ల తూటా 2 ఎంఓఏ జరిగితే, నడిమికి తగలాల్సింది వలయం దాటి పోతుంది. 1907 నుంచి జాతీయ పోటీలు జరిగే ఒహాయోలోని క్యాంప్ పెర్రీలో చూస్తే, పైకి పాత హ్యాండ్‌గార్డ్‌లా కనిపించేదాని లోపల ఫ్లోట్ ట్యూబ్ పెట్టి, స్వివెల్‌ని ఆ ట్యూబ్‌కి బిగించుకున్న రైఫిళ్లు బోలెడు కనిపిస్తాయి. బారెల్‌ని స్లింగ్ ముట్టుకోకూడదనే ఆ ఏర్పాటు.

మీది ఫ్రీ ఫ్లోట్ కాబట్టి సగం పని అయిపోయింది. హ్యాండ్‌గార్డ్ బారెల్ నట్ దగ్గర తప్ప ఇంకెక్కడా బారెల్‌ని తాకదు. మనం పెట్టే పాయింట్ ఆ ఖాళీని చెడగొట్టకుండా చూసుకుంటే చాలు.

గోదారి_గట్టు | హ్యూస్టన్

వేట సంగతి నేను చెబుతాను. కుడిచేతి వాటం అయితే ముందు పాయింట్ ఎడమ వైపు పెట్టండి. రైఫిల్ ఛాతీ మీద వేలాడినప్పుడు బల్లపరుపుగా ఒంటికి ఆనుతుంది. కింద వైపు పెడితే నడుస్తున్నంతసేపూ రైఫిల్ దొర్లుతూ ఉంటుంది, ఆప్టిక్ (పైన బిగించే గురి అద్దం) వచ్చి పొట్టకి గుచ్చుకుంటుంది.

ముందుకా వెనక్కా అంటే, ముందుకి పెడితే రైఫిల్ నిటారుగా, మజిల్ నేల వైపు, కదలకుండా వేలాడుతుంది. కంచె దాటేటప్పుడు, వంగి నడిచేటప్పుడు ఇది బాగుంటుంది. రిసీవర్ పక్కన పెడితే ఎడమ చెయ్యి హ్యాండ్‌గార్డ్ మీద ఎక్కడైనా పట్టుకోవచ్చు, భుజం మార్చుకోవడం తేలిక, కానీ నడకలో ముందు భాగం ఊగుతుంది. పందుల కోసం పొదల్లో తిరిగే మనిషికి ముందు పాయింటే నయం.

మరీ చివరికి మాత్రం వద్దు. మజిల్ వైపు చివరి స్లాట్‌లో పెడితే స్లింగ్ వదులుగా ఉన్నప్పుడు పట్టీ జారి మజిల్ ముందుకి వస్తుంది. అది ప్రమాదం. పైగా ఎక్కువ రౌండ్లు కాల్చాక అక్కడ వేడెక్కుతుంది, సప్రెసర్ (శబ్దం తగ్గించే గొట్టం) ఉంటే నైలాన్ పట్టీ కరుగుతుంది కూడా. చివరి నుంచి రెండు మూడు స్లాట్లు వెనక్కి రండి.

ఓరుగల్లు_మెకానికల్ | షార్లెట్

బిగించే పని గురించి రాస్తాను. వృత్తిరీత్యా రోజూ ఫాస్టెనర్లతోనే నా పని, అందుకని కాస్త పొడుగవుతుంది.

మ్యాగజైన్ తీసేయండి. బోల్ట్ వెనక్కి లాగి ఆపండి. చాంబర్‌లోకి కంటితో చూడండి, చిటికెన వేలు పెట్టి కూడా చూడండి. తూటాలు వేరే గదిలో ఉండాలి. ఏఆర్‌లో పై రిసీవర్‌ని కింది దాని నుంచి విడదీసి పని చేసుకుంటే ఇంకా హాయి, హ్యాండ్‌గార్డ్ పట్టుకోవడం కూడా తేలిక.

తర్వాత చోటు చూసుకోండి. మౌంట్ బిగించకముందే, స్లింగ్ చివరని మీరు అనుకున్న స్లాట్‌కి సన్నటి తాడుతో కట్టి ఇంట్లో తిరగండి. కూర్చోండి, వంగండి, రైఫిల్ భుజానికి ఎత్తండి, బోర్లా పడుకోండి. ఇష్టమైన చోటు అరగంటలో దానంతటదే తెలిసిపోతుంది.

ఎం-లాక్ మౌంట్‌లో మూడు భాగాలు: పైన కనబడే దిమ్మె, స్క్రూలు, వెనక టీ-నట్లు. టీ-నట్ పొడవుగా, స్లాట్‌లో పట్టేటంత సన్నగా ఉంటుంది. స్క్రూని వదులు చేసి, నట్‌ని స్లాట్ పొడవుకి సమానంగా తిప్పి, మౌంట్‌ని స్లాట్ మీద కూర్చోబెట్టాలి. ఇప్పుడు అలెన్ కీతో స్క్రూని నెమ్మదిగా బిగిస్తే లోపల నట్ పావు వంతు తిరిగి, స్లాట్‌కి అడ్డంగా వచ్చి ఆగుతుంది. అక్కణ్నుంచి అది హ్యాండ్‌గార్డ్ గోడని లోపలి నుంచి పట్టి లాగుతుంది.

చాలామంది ఇక్కడే తొందరపడతారు. స్క్రూ బిగిసినట్టు చేతికి తెలుస్తుంది కానీ నట్ పూర్తిగా తిరగకుండా ఏటవాలుగా ఇరుక్కుని ఉండొచ్చు. ఎదురు వైపు స్లాట్‌లోంచి చిన్న టార్చి వేసి చూడండి. రెండు నట్లూ స్లాట్‌కి సరిగ్గా అడ్డంగా కనబడాలి. ఒకటి వాలుగా ఉంటే స్క్రూ వదులు చేసి మళ్లీ మొదటి నుంచి చెయ్యండి. ఏటవాలు నట్ మీద మనిషి బరువు పడితే ఒక్కసారిగా ఊడిపోతుంది.

టార్క్ సంగతి. మౌంట్‌తో వచ్చిన కాగితంలో ఎంత ఉందో అంతే. ఇవి చిన్న స్క్రూలు, అంగుళం-పౌండ్లలో చూపించే చిన్న టార్క్ డ్రైవర్ వాడాలి, కారు చక్రాలకి వాడే రెంచ్ కాదు. హ్యాండ్‌గార్డ్ ప్లాస్టిక్‌దైతే చేత్తో గట్టిగా తిప్పినంత చాలు. ఎక్కువైతే నట్ ప్లాస్టిక్‌లో దిగబడి గోడ పగులుతుంది.

కృష్ణాతీరం | డాలస్

చాలా థాంక్స్ అండి. గోదారి అన్నా, ఎడమ వైపు అన్నది బాగా అర్థమైంది. ఒహాయో గారూ, చూశాను, రిసీవర్ పక్కన నిజంగానే రెండు పక్కలా గుండ్రటి సాకెట్లు ఉన్నాయి!

ఇంకో రెండు సందేహాలు. నా గ్యాస్ బ్లాక్ (బారెల్ మీద గ్యాస్‌ని వెనక్కి మళ్లించే దిమ్మె) హ్యాండ్‌గార్డ్ లోపలే ఉంది. స్క్రూ చివర దానికి తగులుతుందేమోనని టెన్షన్. రెండోది, స్క్రూలకి నీలం రంగు లాక్‌టైట్ (మర వదులవకుండా పట్టే జిగురు) వెయ్యాలా వద్దా?

ఓరుగల్లు_మెకానికల్ | షార్లెట్

టెన్షన్ వద్దు కానీ చూసుకోవడం మాత్రం తప్పనిసరి. గ్యాస్ బ్లాక్ ఉన్న చోట లోపల ఖాళీ తక్కువ. మీ బారెల్ మిడ్ లెంగ్త్ గ్యాస్ (గ్యాస్ గొట్టం మధ్యస్థ పొడవున్న రకం) అయితే బ్లాక్ హ్యాండ్‌గార్డ్ మధ్యకి కాస్త ముందు వస్తుంది, మీరు అనుకుంటున్న చోటికి దగ్గరే. మౌంట్ బిగించాక సన్నటి కాగితం పట్టీ తీసుకుని, బారెల్ కింద నుంచి చుట్టి, రెండు కొసలూ పట్టుకుని మజిల్ నుంచి వెనక్కి జరపండి. ఇక్కడివాళ్లు డాలర్ నోటుతో ఈ పరీక్ష చేస్తారు. కాగితం ఎక్కడా ఆగకుండా పోవాలి. ఆగిన చోట స్క్రూయో నట్టో బారెల్‌ని ముట్టుకుంటున్నట్టే. అప్పుడు పక్క స్లాట్‌కి జరపండి, లేదా ఆ మౌంట్ తయారీదారు ఇచ్చే పొట్టి స్క్రూ వాడండి. స్క్రూని మీరే రంపంతో కోయకండి, మర దెబ్బతింటుంది.

లాక్‌టైట్: చాలా మౌంట్ల స్క్రూలకి ముందే మందు పూసి వస్తుంది, మర మీద నీలమో ఎరుపో పొర కనబడుతుంది. అది ఉంటే ఇంకేమీ వద్దు. లేకపోతే స్క్రూని ఆల్కహాల్‌తో నూనె లేకుండా తుడిచి, ఆరనిచ్చి, నీలం రంగుది ఒక్క చుక్క చాలు. ఎరుపు రంగుది వద్దు, తీయాలంటే వేడి చెయ్యాల్సి వస్తుంది. ప్లాస్టిక్ హ్యాండ్‌గార్డ్ అయితే ద్రవం లాక్‌టైట్ దగ్గరికి రానివ్వకండి, కొన్ని రకాల ప్లాస్టిక్ దానివల్ల పెళుసెక్కి చీలుతుంది.

అంతా అయ్యాక స్క్రూ తల మీద నుంచి దిమ్మె మీదకి పెయింట్ పెన్‌తో ఒక సన్న గీత గీయండి. రేపు స్క్రూ తిరిగితే గీత విడిపోతుంది, ఒక్క చూపులో తెలుస్తుంది.

సీమ_సూటి | ఫీనిక్స్

నాది పాత కీమాడ్ (తాళంచెవి ఆకారపు రంధ్రాలుండే) హ్యాండ్‌గార్డ్. ఇదే పని దాంట్లో చెయ్యొచ్చా? ఎం-లాక్‌కి మారమని అందరూ అంటున్నారు. నిజంగా తేడా ఉందా, లేక ఫ్యాషనా?

ఒహాయో_వాసి | కొలంబస్

తేడా ఉంది, కొలిచి చూశారు కూడా. అమెరికా స్పెషల్ ఆపరేషన్స్ కమాండ్ కోసం నేవీ వాళ్ల క్రేన్ కేంద్రం కీమాడ్, ఎం-లాక్, హెచ్‌కే (జర్మన్ తుపాకీ కంపెనీ) వాళ్ల పద్ధతి మూడింటినీ పోల్చింది. ఫలితాలు 2017లో బయటికి వచ్చాయి. తీసి మళ్లీ పెట్టినప్పుడు గురి జరగడం ఎం-లాక్‌కి సగటున 1.3 ఎంఓఏ, కీమాడ్‌కి 4.9. అది లేజర్లు పెట్టుకునేవాళ్లకి ముఖ్యం. స్లింగ్‌కి కావాల్సింది ఎంత బరువు ఆపుతుందన్నది. అందులోనూ మూడింటిలో ఎం-లాకే ఎక్కువ బరువు ఆపింది. చాలాసార్లు ఎం-లాక్ పట్టు వదలకముందే, దానికి తగిలించిన పరీక్ష సామానే విరిగింది.

అలాగని మీ కీమాడ్ తీసి పారేయక్కర్లేదు. స్లింగ్ మోసే బరువుకి మంచి కీమాడ్ మౌంట్ సరిపోతుంది. తాళంచెవి ఆకారపు రంధ్రంలో సన్న భాగం మజిల్ వైపు ఉంటుంది. నట్లు అటు పూర్తిగా జరిగాకే బిగించండి. కొత్తగా కొనేవాళ్లకి మాత్రం నేను ఎం-లాకే చెబుతాను.

గచ్చిబౌలి_గురి | హైదరాబాద్

ఈ చర్చ చూసి సంతోషంగా ఉంది, స్లింగ్ గురించి తెలుగులో రాసేవాళ్లే తక్కువ. నేను .22 రైఫిల్‌తో 50 మీటర్ల ప్రోన్ (పడుకుని), త్రీ పొజిషన్ (మోకాలి మీద, పడుకుని, నిలబడి) కాలుస్తాను, ప్రాక్టీస్ సెంట్రల్ యూనివర్సిటీ రేంజ్‌లో. మా టార్గెట్ రైఫిల్ స్టాక్ కింద పొడుగునా ఒక అల్యూమినియం రైల్ ఉంటుంది. దాంట్లో హ్యాండ్‌స్టాప్ (చెయ్యి ముందుకి జారకుండా ఆపే దిమ్మె) ముందుకీ వెనక్కీ జరుగుతుంది, స్లింగ్ స్వివెల్ ఆ హ్యాండ్‌స్టాప్‌కే ఉంటుంది. అంటే మా పాయింట్ ఎప్పుడూ కిందే, చేతికి సరిగ్గా ముందే.

కృష్ణాతీరం గారి రెండో పనికి ఇది పనికొస్తుంది. పడుకుని జబ్బకి స్లింగ్ బిగించి కాల్చేటప్పుడు బలం జబ్బ నుంచి సూటిగా హ్యాండ్‌గార్డ్ కిందకి పోవాలి. పాయింట్ ఎడమ పక్కన ఉంటే లాగుడు రైఫిల్‌ని ఎడమకి తిప్పుతుంది, సరిచేయడానికి మణికట్టు కండరం వాడాల్సి వస్తుంది. ఎముక మీద నిలబడాల్సిన రైఫిల్ కండరం మీద నిలబడితే మూడు నిమిషాల్లో చెయ్యి వణుకుతుంది.

స్లింగ్ జబ్బకి ఎంత పైన ఉంటే అంత మంచిది. మోచేతి దగ్గర బిగిస్తే నాడి కొట్టుకోవడం సైట్‌లో కనబడుతుంది. అందుకే మేం మందపాటి జాకెట్, చేతికి గ్లవ్ వేసుకుంటాం. హ్యాండ్‌స్టాప్ చోటు కూడా ముఖ్యం. ఒక్క సెంటీమీటర్ ముందుకి జరిపితే రైఫిల్ దిగుతుంది, వెనక్కి జరిపితే లేస్తుంది. మా రైల్ పక్కన అంకెలు ఉంటాయి, ప్రోన్‌కి ఒక అంకె, నీలింగ్‌కి (మోకాలి మీద కాల్చడం) ఒక అంకె పుస్తకంలో రాసుకుంటాం. మీరు కూడా మీ స్లాట్ ఎన్నోదో, స్లింగ్ పట్టీ మీద బకుల్ ఎక్కడ ఉందో మార్కర్‌తో గుర్తు పెట్టుకోండి.

అంతర్జాతీయ నిబంధన ప్రకారం మాకు స్లింగ్ 40 మిల్లీమీటర్లకి మించి వెడల్పు ఉండకూడదు, స్టాక్‌కి ఒక్క చోటే తగిలించాలి, నిలబడి కాల్చేటప్పుడు అసలు వాడకూడదు. 2024 పారిస్‌లో స్వప్నిల్ కుసాలే కాంస్యం గెలిచిన 50 మీటర్ల త్రీ పొజిషన్‌లో మోకాలి మీద, పడుకుని కాల్చే భాగాల్లోనే స్లింగ్ ఉంటుంది. మన గగన్ నారంగ్‌కి 2012 లండన్‌లో పతకం తెచ్చిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పూర్తిగా నిలబడి కాల్చేదే, అక్కడ స్లింగ్ మాటే లేదు.

గోదారి_గట్టు | హ్యూస్టన్

గచ్చిబౌలి తమ్ముడు చెప్పింది నిజం, కానీ వేటకి కింద పాయింట్ నేను ఒప్పుకోను. రోజంతా మోసేది ఒకటి, పడుకుని కాల్చేది ఒకటి. మోసేటప్పటి సుఖం వదులుకోకూడదు.

ఒహాయో_వాసి | కొలంబస్

ఇద్దరూ చెప్పింది సరైనదే. రెండు మౌంట్లు పెట్టుకోండి. ఒకటి ఎడమ పక్కన, మోయడానికి. ఇంకొకటి కింద, చెయ్యి ఆనే చోటికి కాస్త ముందు, జబ్బకి బిగించడానికి. క్యూడీ కాబట్టి స్వివెల్‌ని ఇక్కణ్నుంచి అక్కడికి మార్చడం రెండు సెకన్ల పని. మౌంట్ బరువు కూడా తక్కువే.

మోయడానికి పెట్టే సాకెట్ తిరుగుడుని ఆపేది తీసుకోండి. గుండ్రటి మామూలు సాకెట్‌లో స్వివెల్ గిరగిరా తిరుగుతుంది, నడుస్తూ నడుస్తూ పట్టీ తాడులా మెలిపడుతుంది. తిరుగుడు ఆపే సాకెట్ లోపల గాట్లు ఉంటాయి, స్వివెల్ కొంత మేరకే తిరిగి ఆగుతుంది.

కొక్కెం కావాలా అని అడిగారు. ఉక్కు కొక్కెం గట్టిది, మట్టి పడ్డా పని చేస్తుంది, కానీ అల్యూమినియం మీద టకటకా శబ్దం చేస్తుంది. వేటలో ఆ శబ్దం వద్దు. క్యూడీలో జాగ్రత్త ఒక్కటే: స్వివెల్‌ని సాకెట్‌లోకి తోసేటప్పుడు బటన్ పూర్తిగా నొక్కి తోయండి, వదిలాక గట్టిగా లాగి చూడండి. సాకెట్‌లో ఇసుక ఉంటే బంతులు సగమే బయటికి వస్తాయి, పట్టుకున్నట్టే ఉంటుంది, బరువు పడగానే వదిలేస్తుంది.

ఇంకో విషయం, దీన్ని చాలామంది పట్టించుకోరు. హ్యాండ్‌గార్డ్ ఫ్రీ ఫ్లోట్ అయినా ముందు ఇనుప సైటో లేజరో ఆ హ్యాండ్‌గార్డ్ మీదే ఉంటే, స్లింగ్ గట్టిగా లాగినప్పుడు హ్యాండ్‌గార్డ్ వంగుతుంది, సైట్ కూడా దాంతో పాటు వంగుతుంది. బారెల్ కదలదు. గురి మాత్రం మారుతుంది. కృష్ణాతీరం గారూ, మీ ఆప్టిక్ రిసీవర్ మీద ఉంటే ఈ బాధ లేదు. మడత సైట్ ముందు పెట్టుకున్నవాళ్లు స్లింగ్ బిగించి ఒకసారి, బిగించకుండా ఒకసారి కాల్చి చూసుకోవాలి. అలాగే హ్యాండ్‌గార్డ్ బారెల్ నట్ మీద కేవలం బిగింపుతోనే నిలబడే రకమైతే, స్లింగ్ లాగుడుకి మెల్లగా తిరగడమో ముందుకి జారడమో జరుగుతుంది. తిరగకుండా అడ్డు పళ్లు ఉన్న రకం నయం.

కొత్త_బంగారు_ఊరు | ఆస్టిన్

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నేను హెచ్-1బీ మీద ఉన్నాను. టెక్సాస్‌లో ప్రైవేటు భూమిలో అడవి పందులకి 2019 నుంచి హంటింగ్ లైసెన్స్ అక్కర్లేదు కదా. అంటే నేనూ స్నేహితుడి రైఫిల్ పట్టుకుని వెళ్లొచ్చా?

గోదారి_గట్టు | హ్యూస్టన్

తమ్ముడూ, ఇక్కడ జాగ్రత్త. లైసెన్స్ అక్కర్లేదన్నది రాష్ట్ర చట్టం, అదీ భూమి యజమాని అనుమతి ఉంటేనే. ఫెడరల్ చట్టం వేరు. వలసేతర వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు, మినహాయింపులు కొన్ని ఉన్నాయి. అందులో ఒకటి, అమెరికాలో చట్టబద్ధంగా ఇచ్చిన హంటింగ్ లైసెన్స్ చేతిలో ఉండడం. కాబట్టి పందులకి రాష్ట్రం అడగకపోయినా, వీసా మీద ఉన్నవాడికి ఆ కాగితమే రక్ష. గడువు తీరకుండా చూసుకోవాలి. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లకి ఈ నిషేధం లేదు. వీసాకి ముడిపడిన సంగతి, రైఫిల్ ముట్టుకునే ముందే లాయర్‌తో మాట్లాడు.

గుంటూరు_గాలి | గుంటూరు

నాది .177 ఎయిర్ రైఫిల్, బారెల్ విరిచి లోడ్ చేసే రకం. లైసెన్స్ అవసరం లేని 20 జౌళ్ల లోపుదే. బారెల్‌కి చుట్టే క్లాంప్‌తో స్లింగ్ స్వివెల్ అమ్ముతున్నారు. పెట్టొచ్చా?

గచ్చిబౌలి_గురి | హైదరాబాద్

వద్దన్నా. ఆ రకంలో బారెల్ తలుపు బందులా కీలు మీద తిరుగుతుంది. స్లింగ్ దాన్ని లాగుతూ ఉంటే మూసుకునే చోట వదులు వస్తుంది, ప్రతి గుండూ ఒక్కో చోట పడుతుంది. ఒహాయో గారు బారెల్ గురించి చెప్పిన సంగతి మీ రైఫిల్‌కి పదింతలు వర్తిస్తుంది. చెక్క స్టాక్ ముందు భాగానికి స్టడ్ వేయించుకోండి. ముందు కింద వైపు బారెల్ విరిచినప్పుడు తిరిగే చీలిక ఉంటుంది, దానికి వెనక, చెక్క నిండుగా ఉన్న చోట వెయ్యాలి.

ఓరుగల్లు_మెకానికల్ | షార్లెట్

చెక్కకి స్టడ్ వేసేటప్పుడు: స్టాక్‌ని రైఫిల్ నుంచి పూర్తిగా విడదీయండి. వేసే చోట మాస్కింగ్ టేప్ అంటించి, మధ్య గీత గీసి, బిందువు దగ్గర దబ్బనంతో గుచ్చండి. అప్పుడు డ్రిల్ బిట్ జారదు. సన్న బిట్‌తో మొదలుపెట్టి, నిలువుగా, నెమ్మదిగా. బిట్ మీద టేప్ చుట్టి లోతు గుర్తు పెట్టుకోండి. స్టడ్ మరకి కాస్త మైనం రాసి తిప్పితే చెక్క చీలదు. ముందు భాగంలో చెక్క పలచన, కాబట్టి అక్కడ లోపలి నుంచి నట్ పట్టే రకం స్టడ్ మంచిది, ఉత్త మరమేకు రకం లాగుడుకి ఊడొస్తుంది. నట్ బారెల్ కూర్చునే గాడి మట్టానికి పైకి రాకూడదు.

కృష్ణాతీరం | డాలస్

అందరికీ చెప్పాలని వచ్చాను, పని అయిపోయింది. ఒహాయో గారు చెప్పినట్టు రెండు మౌంట్లు పెట్టాను. ఎడమ పక్కన ముందు నుంచి మూడో స్లాట్‌లో తిరుగుడు ఆపేది. కింద, చెయ్యి పట్టుకునే చోటికి నాలుగు వేళ్లు ముందు ఇంకోటి. మొదట కింద అనుకున్న స్లాట్‌లో కాగితం గ్యాస్ బ్లాక్ దగ్గర ఆగింది, ఒక స్లాట్ ముందుకి జరిపాక నున్నగా పోయింది. టార్చి వేసి చూస్తే నాలుగు నట్లూ అడ్డంగానే ఉన్నాయి. గీతలు కూడా గీశాను.

రేంజ్‌కి వెళ్లి 100 గజాల దగ్గర సంచి మీద ఆనించి స్లింగ్ లేకుండా ఐదు, తర్వాత పడుకుని స్లింగ్ బిగించి ఐదు కాల్చాను. రెండో గ్రూపు (ఐదు తూటాలు పడ్డ గుంపు) కాస్త పెద్దది, కానీ నడిమి చోటు మారలేదు. ఒహాయో గారూ, ఇలా మారకపోతే బారెల్‌ని ఏదీ తాకడం లేదనే కదా?

స్టాక్ వైపు ఎడమ సాకెట్‌లో పెట్టాను. కుడి వైపు పెట్టాలా?

ఒహాయో_వాసి | కొలంబస్

అవును, నడిమి మారకపోవడమే కావాల్సింది. గ్రూపు పెద్దదవడం ప్రాక్టీస్‌తో సర్దుకుంటుంది. ఆపిల్‌సీడ్‌లో 25 మీటర్ల టార్గెట్ మీద 250కి 210 వస్తే రైఫిల్‌మ్యాన్ బ్యాడ్జి ఇస్తారు, ఈ ఏర్పాటుతో దానికి సామాను వైపు నుంచి అడ్డేమీ లేదు. 1.25 అంగుళాల వెడల్పు నూలు వెబ్ స్లింగ్ ఒకటి తీసుకెళ్లండి, లూప్ వేసుకోవడానికి మెత్తటి నైలాన్ టూ పాయింట్ (రెండు చోట్ల తగిలే) స్లింగ్ కన్నా అది జబ్బ మీద జారకుండా నిలుస్తుంది.

గోదారి_గట్టు | హ్యూస్టన్

స్టాక్ వైపు ఎడమే ఉంచండి. ముందు ఎడమ, వెనక కుడి అయితే పట్టీ స్టాక్ పైనుంచి అడ్డం పడి, భుజానికి ఎత్తేటప్పుడు దవడ కింద ఇరుక్కుంటుంది. వేలాడే పట్టీ తోకని మాత్రం రబ్బరు బ్యాండ్‌తో మడిచి కట్టండి, చార్జింగ్ హ్యాండిల్‌కి చుట్టుకోకుండా. మొదటి వేట నుంచి వచ్చాక స్క్రూల గీతలు ఒకసారి చూసి ఇక్కడ రాయండి.